పుట్టుకతో రాని పుట్టుమచ్చలు

తెలుగులో 'పుట్టుమచ్చ' అన్న మాటను ఎవరు కల్పించారో గాని, అందులో సత్యం కొంతమాత్రమే ఉన్నది. పుట్టుకతోనే మచ్చ కలిగిన శిశువులు నూటికి ఒక్కరు ఉంటారు. తక్కిన వారి ఒంటిమీద ఉన్న మచ్చలన్నీ పుట్టిన తరువాత, శైశవం దాటినది మొదలు నడివయస్సు వరకు, ఒకటొకటిగా వచ్చి చేరినవే. పదవ తరగతి ధ్రువపత్రంలో గుర్తింపు చిహ్నాల గడి నింపవలసి వచ్చినప్పుడు తప్ప చాలామంది వాటిని వెతుక్కోరు. పంచాంగంలో పుట్టుమచ్చల ఫలాలు చదివి, మచ్చ కుడి భుజాన ఉంటే సంతోషించి, ఎడమ వైపు ఉంటే ఆ పుట తిప్పేసే వారు మన కార్యాలయంలోనూ లేకపోలేదు.

ఒక్కొక్కప్పుడు ఈ మచ్చలు ఒకటొకటిగా గాక గుంపుగా వస్తాయి. అందునా చిన్న పిల్లలకు, అదీ ఒక పెద్ద జబ్బునుండి బయటపడిన పిల్లలకు వస్తాయి. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చాలావరకు ఇన్వర్టరు బ్యాటరీల గురించి, ఇంటి విద్యుత్తు బిల్లుల గురించి ఉంటాయి. ఈసారి ఉర్లా నుండి ఒక ఉద్యోగి భార్య వ్రాసిన ఉత్తరం వేరే రకమైనది. ఆమె పాపకు రెండవ ఏట ఒక అరుదైన రక్తకణ వ్యాధి వచ్చింది. ఏడాదిపాటు ఇంజక్షన్లు, మాత్రలు వాడిన మీదట నయమయింది. ఇప్పుడు పాపకు ఆరేళ్లు. చంకలలో, మెడ చుట్టూ, గజ్జలలో ఆవగింజలు చల్లినట్టు గోధుమవన్నె, నలుపు మచ్చలు లేచాయి. ఉర్లా, సిల్తారా ప్రాంతాలలో మేడమీద ఆరవేసిన బట్టలపై స్పాంజ్ ఐరన్ కర్మాగారాల మసి వాలడం మనకు కొత్త కాదు. మొదట ఆ తల్లి అదే అనుకొని సబ్బుతో రుద్దిందట. పోలేదు. జబ్బు తిరగబెట్టిందా, ఇది మరొక కాన్సరా, వీటిని కాల్పించవలెనా అని ఆమె అడిగారు. అడగకుండానే అడిగిన ప్రశ్న మరొకటి ఆ ఉత్తరంలో ఉన్నది. దాని సంగతి తరువాత చెబుతాను.

నేను వైద్యుడిని కాను. చదివినది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. చికిత్స చెప్పే అర్హత నాకు లేదు. అయినా ఈ వ్యాధి వెనుక ఉన్న యంత్రాంగం వైద్యశాస్త్రానికి ఎంత దగ్గరో స్విచ్‌గేరు శాస్త్రానికీ అంత దగ్గరగా తోచినందువల్ల, తెలిసినంత వరకు వివరిస్తున్నాను.

వ్యాధి పేరు లాంగర్‌హాన్స్ కణ హిస్టియోసైటోసిస్. పేరు నోరు తిరగదు గాని, అందులోని మొదటి భాగం మధుమేహం ఉన్న పాఠకులకు పరిచితమే. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణదీవులకు ఉన్న పేరు ఆ మహానుభావుడిదే. పాల్ లాంగర్‌హాన్స్ 1847లో బెర్లిన్‌లో జన్మించాడు. వైద్యవిద్యార్థిగా ఉండగానే, 1868లో, మనిషి చర్మపు పలుచని పొరకు బంగారు క్లోరైడు పట్టించి సూక్ష్మదర్శిని క్రింద చూశాడు. పై చర్మంలో కొమ్మలు చాచిన చెట్టు ఆకారంలో నల్లని కణాలు కనిపించాయి. అవి నాడీ కణాలని అతడు భావించాడు. మరుసటి సంవత్సరమే క్లోమంలోని దీవులను వర్ణించాడు. వాటి పని ఏమిటో తెలియదని నిజాయితీగా వ్రాశాడు. ఇరవై రెండేళ్లు నిండకముందే రెండు ఆవిష్కరణలు! తరువాత క్షయ సోకి, ఉద్యోగం వదలి, అట్లాంటిక్ సముద్రంలోని మదీరా ద్వీపానికి చేరాడు. అక్కడ సముద్రపు పురుగులను పరిశోధిస్తూ, రోగులకు వైద్యం చేస్తూ 1888లో నలభై ఒకటవ పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు మరణించాడు. తాను చూసిన కణాలు దేహరక్షణ వ్యవస్థకు చెందినవని ప్రపంచానికి తెలియడానికి ఆ తరువాత ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

ఆ కణాల పని కాపలా. గేటు దగ్గర సెక్యూరిటీ వారు కొత్త మనిషిని ఆపి, వివరాలు వ్రాసుకొని లోపలి కార్యాలయానికి కబురు పంపినట్టు, ఇవి చర్మం గుండా ప్రవేశించిన అన్యపదార్థాన్ని పట్టి, లింఫు గ్రంథులకు మోసుకొనిపోయి, అక్కడి తెల్లకణాలకు చూపిస్తాయి. ఈ జాతి కణాలపై కృషి చేసిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి ప్రకటించారు. ప్రకటనకు మూడు రోజుల ముందే ఆయన కన్నుమూసిన సంగతి బహుమతి సంఘానికి అప్పటికి తెలియదు.

ఇక వ్యాధి. 1893లో ఫిలడెల్ఫియా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ హాండ్ ఒక పిల్లవాడిని చూశాడు: అతిదాహం, అతిమూత్రం, ముందుకు పొడుచుకొని వచ్చిన కళ్లు, పుర్రె ఎముకలో మెత్తబడిన చోట్లు. అది క్షయ అనుకున్నాడు. వియన్నాలో షూలర్, బోస్టన్‌లో క్రిస్టియన్ అటువంటి రోగులనే చూసి వ్రాశారు. 1924లో జర్మనీలో లెటరర్, 1933లో స్వీడన్‌లో సీవే మరింత చిన్న పిల్లలలో కాలేయం, ప్లీహం, చర్మం పాడై ప్రాణం తీసే రూపాన్ని వర్ణించారు. ఎముకలో ఒకే ఒక కంతిగా వచ్చే మూడవ రూపం 1940లో తెలిసింది. ఒకదానితో ఒకటి పొంతన లేని ఈ మూడు జబ్బులూ నిజానికి ఒక్కటేనని 1953లో లిక్టెన్‌స్టైన్ గుర్తించి, కారణం తెలియదు గనుక 'హిస్టియోసైటోసిస్ ఎక్స్' అని పేరు పెట్టాడు. బీజగణితంలో తెలియని రాశికి ఎక్స్ అన్నట్టే. ఇంజనీరుగా నాకు ఈ పేరు మీదనే అభిమానం ఎక్కువ. తెలియనిది తెలియదని బోర్డు కట్టి ఉంచడం మంచి పద్ధతి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో లాంగర్‌హాన్స్ కణాలలో మాత్రమే కనిపించే టెన్నిస్ బ్యాటు ఆకారపు రేణువులను 1961లో బర్బెక్ చూపించాడు. అవే రేణువులు ఈ రోగుల కంతులలోనూ కనిపించడంతో వ్యాధికి ఇప్పటి పేరు స్థిరపడింది.

పదిహేనేళ్ల లోపు పిల్లలు పది లక్షల మంది ఉంటే ఏడాదికి సుమారు ముగ్గురి నుండి ఐదుగురికి ఇది వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటికీ తెలిసిన సికిల్ సెల్ వ్యాధితో పోల్చితే ఇది ఎంత అరుదో ఊహించవచ్చు. ఆ అరుదుతనమే పెద్ద చిక్కు. మాడుమీద పొక్కులు కట్టి చుండ్రులా రాలుతుంది, గజ్జలలో ఎర్రని దద్దు తువాలు ఒరిపిడిలా ఉంటుంది, చెవి కారుతుంది. ఈ మూడూ పసిపిల్లలున్న ప్రతి ఇంటా చూసేవే. తైలాలు, పూతమందులు, చెవి చుక్కలు వాడుతూ నెలలు గడిచిపోతాయి. మామూలు మందులకు తగ్గని దద్దు, దానితోపాటు ఎముకమీద బొప్పి, లేదా బిడ్డ రాత్రివేళ పదే పదే నీళ్లడగడం, ఇవి కలిసి కనిపించినప్పుడు చర్మంలో చిన్న ముక్క తీసి పరీక్షింపజేయడం తప్పనిసరి.

చికిత్సలో ప్రధానమైన విన్‌బ్లాస్టీన్ అన్న మందు మన క్వార్టర్ల ముందు, గుడి ఆవరణలో, శ్మశానం గట్టున సైతం పూసే బిళ్లగన్నేరు మొక్కనుండి వచ్చినది. 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు దానిని వేరుచేశారు. ఇది చదివి ఎవరూ బిళ్లగన్నేరు ఆకు పసరు త్రాగించవద్దు. గ్రాము మందుకు బండ్లకొద్దీ ఆకు కావాలి, పసరులో ఉండే తక్కిన ద్రవ్యాలు విషతుల్యాలు. విన్‌బ్లాస్టీన్‌తోపాటు ప్రెడ్నిసోలోన్ మాత్రలు ఇస్తారు. ఆరు నెలల చికిత్సకన్న పన్నెండు నెలల చికిత్స మేలని అనేక దేశాల వైద్యులు కలిసి జరిపిన పరీక్షలో తేలింది. ఆరు నెలలు మందు పొందిన వారిలో ఐదేళ్లలో నూటికి 54 మందికి జబ్బు తిరగబెట్టగా, పన్నెండు నెలలు పొందిన వారిలో 37 మందికే తిరగబెట్టింది. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కాలేయం, ప్లీహం, ఎముకమజ్జ చెడని పిల్లలలో దాదాపు అందరూ బ్రతికి బయటపడతారు. ఈ మాట ఉత్తరం వ్రాసిన తల్లికి అందరికన్న ముందు చెప్పదలచుకున్నాను.

ఇప్పుడు స్విచ్ సంగతి. మన పంపుహౌసులో మోటారుకు స్టార్టరు ఉంటుంది. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టరు మూసుకొని మోటారు తిరుగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే తెరుచుకొని ఆగుతుంది. ఎప్పుడైనా కాంటాక్టు కొసలు కరిగి అతుక్కుపోతే ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. దేహంలోని ప్రతి కణంలోనూ పెరుగుదలకు ఆజ్ఞ అందించే ఇటువంటి కాంటాక్టుల వరుస ఒకటి ఉన్నది. ఆ వరుసలో ఒక దాని పేరు బి-రాఫ్. అది ఒక ప్రోటీను. అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో 600వ స్థానాన వాలీన్ ఉండవలసినది. డి.ఎన్.ఏ.లో ఒక్క అక్షరం మారి, వాలీన్ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం చేరితే, కాంటాక్టు అతుక్కుపోతుంది. పైనుండి ఆజ్ఞ ఉన్నా లేకున్నా క్రిందికి 'పెరుగు, పెరుగు' అన్న సంకేతం పోతూనే ఉంటుంది.

ఈ లోపాన్ని మొదట 2002లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు మెలనోమా అనే ప్రాణాంతక చర్మ కాన్సరులో కనుగొన్నారు. మరుసటి ఏడాది ఒక వింత బయటపడింది: ప్రమాదం లేని మామూలు పుట్టుమచ్చలలో సైతం ఎక్కువ భాగం, అధ్యయనం చేసిన వాటిలో నూటికి ఎనభైకి పైగా, ఇదే లోపం కలిగి ఉన్నాయి. అంటే మీ చేతిమీద, నా మెడమీద ఉన్న మచ్చలలో చాలావాటిలో కాంటాక్టు అతుక్కునే ఉన్నది. అయినా మనమెవరమూ భయపడనవసరం లేదు. ఎందుకంటే స్టార్టరుకు ముందు సర్క్యూట్ బ్రేకరు ఒకటి ఉంటుంది గదా. మోటారు అదుపు తప్పితే అది ట్రిప్పవుతుంది. రంగుకణంలో బి-రాఫ్ అతుక్కుంటే కణం కొన్ని వేల రెట్లు పెరిగి, తరువాత మరొక నియంత్రణ పనిచేసి, ఆగిపోతుంది. అలా ఆగిపోయిన కుప్పే పుట్టుమచ్చ. 2005లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీనిని కణం అకాల వార్ధక్యంగా వివరించారు. వార్ధక్యం కాదు, ఇరుగుపొరుగు కణాలే ఒకదాన్నొకటి ఆపుకుంటాయి అనే వాదం ఇటీవల వినవస్తున్నది. ఏ వివరణ గెలిచినా, పుట్టుమచ్చ అంటే మొదలై ఆగిన ఎదుగుదల అన్న సంగతి మారదు.

2010లో అమెరికాలోని బోస్టన్ నగరపు శాస్త్రజ్ఞులు లాంగర్‌హాన్స్ వ్యాధి కంతులలో అదే బి-రాఫ్ లోపాన్ని సగానికి పైగా రోగులలో చూపించారు. అంతవరకు ఇది కాన్సరా, దేహరక్షణ వ్యవస్థ గందరగోళమా అని దశాబ్దాలుగా తర్జనభర్జన జరుగుతున్నది. ఆ ఒక్క వ్యాసంతో తూకం ఒకవైపు మొగ్గింది. లోపం పుట్టేది చర్మంలోని కాపలా కణంలో కాదని, ఎముకమజ్జలో తయారయ్యే తెల్లకణాల పూర్వీకులలోనని తరువాత తెలిసింది. పూర్వీకుడు ఎంత మొదటి దశలో ఉండగా లోపం వస్తే జబ్బు అంత విస్తారంగా ఉంటుంది. ఈ కారణంచేతనే దీనిని రక్తకణ వ్యాధులలో చేర్చారు. ఈ కణాలు కాన్సరు కణాలలా వేగంగా పెరగవు. చావవలసిన వేళ చావవు, కదలవలసిన చోటికి కదలవు, ఉన్నచోటనే గుమిగూడి తాపాన్ని రేపే రసాయనాలు చిమ్ముతూ చుట్టుపక్కల ధాతువును తినివేస్తాయి.

ఇక మచ్చలకు వద్దాం. ఈ వ్యాధి నయమైన కొందరు పిల్లలలో నెలలు, సంవత్సరాలు గడిచాక చిన్న చిన్న పుట్టుమచ్చలు గుంపులుగా లేచిన సంగతిని చర్మవైద్యులు నివేదించారు. మడతలు పడే చోట్లలో, అనగా మెడ, చంకలు, గజ్జలలో, ముఖ్యంగా పూర్వం దద్దు ఉన్న చోట్లలో, అవి ఎక్కువగా కనిపించాయి. ఆ నివేదికలలోని పిల్లలు కొద్దిమందే గనుక నమూనా చిన్నది. పెద్ద తీర్మానాలు చేయరాదు. మచ్చ ముక్కను పరీక్షించిన చోట మామూలు పుట్టుమచ్చ కణాలే కనిపించడం ఊరట కలిగించే అంశం.

ఎందుకు వస్తాయి? మందువల్ల అన్నది మొదటి ఊహ. దానికి బలమున్నది. రక్తకాన్సరుకు చికిత్స పొందిన పిల్లలకు తోటివారికన్న పుట్టుమచ్చలు ఎక్కువని 1989లోనే ఇంగ్లండు వైద్యులు వ్రాశారు. మూత్రపిండం మార్పిడి జరిగి, రోగనిరోధకశక్తిని అణచే మందులు వాడే పిల్లలలోనూ అంతే. కాపలా తగ్గిన వేళ రంగుకణాలు తలెత్తుతాయని దాని తాత్పర్యం. కాని మందు ఒళ్లంతా ప్రవహిస్తుంది గదా, మచ్చలు మాత్రం పాత దద్దు స్థలాలనే ఎందుకు ఎన్నుకున్నాయి? ఈ ఒక్క ప్రశ్నతో మొదటి ఊహ సగం బలహీనపడుతుందని నా అభిప్రాయం.

రెండవ ఊహ ఆకర్షణీయమైనది: రెండు చోట్లా బి-రాఫ్ లోపమే గదా, ఒకే మూలకణంలో వచ్చిన లోపం రక్తకణాలకూ రంగుకణాలకూ సంక్రమించి ఉండవచ్చును అని. వినడానికి బాగున్నది, కాని రంగుకణాలు పిండదశలో వెన్నుపక్కని నాడీశిఖరం నుండి బయలుదేరుతాయి. రక్తకణాల మూలం వేరు. రెండు వంశాలు పిండం తొలి వారాలలోనే విడిపోతాయి. ఆ విడిపోక ముందే లోపం వచ్చి ఉంటే ఇతర అవయవాలలోనూ దాని ఛాయలు కనిపించవలెను. ఒకే రకపు కాంటాక్టరు రెండు ఫ్యాక్టరీలలో కాలిపోయినంత మాత్రాన రెండింటికీ కారణం ఒకటే అనలేం. అది ఎక్కడైనా బలహీనమైన భాగమే కావచ్చు. మెలనోమాలో, థైరాయిడు కాన్సరులో కూడ ఇదే భాగం చెడుతున్నది.

మూడవది నాకు అన్నింటికన్న సమంజసంగా తోచినది. దద్దు ఉన్నప్పుడు ఆ చోట తాపం, గాయం, మాన్పు ఏడాదిపాటు నడిచాయి. మానుతున్న చర్మంలో ఎదుగుదల ద్రవ్యాలు మెండుగా ఊరుతాయి. అక్కడ అంతకుముందే నిద్రాణంగా ఉన్న రంగుకణాలకు అవి ఎరువు వంటివి. తీవ్రంగా పొక్కి, చర్మం ఊడి, మళ్లీ మొలిచిన రోగులలో, అనగా మందు పడక స్టీవెన్స్-జాన్సన్ వ్యాధి వచ్చిన వారిలోనూ, పుట్టుకతో చర్మం పొక్కే జబ్బు ఉన్న పిల్లలలోనూ ఇటువంటి మచ్చల గుంపులు వచ్చిన దాఖలాలు ఉన్నాయి. వారిలో లాంగర్‌హాన్స్ వ్యాధి లేదు, బిళ్లగన్నేరు మందూ లేదు. మానిన చర్మం మాత్రం ఉన్నది. ఒక జబ్బు మానిన చోటనే సంబంధం లేని మరొకటి మొలవడం చర్మవైద్యులకు తెలిసిన సంగతే. అయినా మొదటి, మూడవ కారణాలు కలిసి పనిచేస్తున్నాయేమో. ఒకటి ఒళ్లంతా కాపలా సడలిస్తే రెండవది స్థలాన్ని ఎన్నిక చేస్తుంది.

బి-రాఫ్ కాంటాక్టునే పట్టి ఆపే కొత్త మాత్రలు, వెమురాఫెనిబ్, డబ్రాఫెనిబ్ వంటివి, మామూలు చికిత్సకు లొంగని పిల్లలకు ఈమధ్య ఇస్తున్నారు. రోజుల వ్యవధిలో జ్వరం, దద్దు తగ్గిపోతాయి. కాని చాలామందిలో మాత్ర మానగానే జబ్బు తిరిగి వస్తున్నది. స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకున్నంత సేపే మోటారు ఆగినట్టు. చిత్రమేమిటంటే ఈ మాత్రలు వాడేవారిలోనూ కొత్త పుట్టుమచ్చలు లేస్తాయి, పాతవి కొన్ని వెలిసిపోతాయి. బి-రాఫ్ చెడని కణాలలో ఈ మందు ఎదురుగా పనిచేసి పెరుగుదలను ఉసిగొల్పుతుంది. కనుక పిల్లకు ఏ మందు ఇచ్చారన్నది చర్మవైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇక ఉత్తరంలోని ప్రశ్నలు. జబ్బు తిరగబెట్టిందా? తిరగబెట్టిన దద్దు చదునైన గోధుమ మచ్చలా ఉండదు. ఎర్రగా, పొలుసు కట్టి, పొక్కి, కొన్నిచోట్ల రక్తపు చుక్కలు తేలి ఉంటుంది. చెవి కారడం, ఎముక నొప్పి, అతిదాహం వంటి తోడు లక్షణాలు రావచ్చు. అయినా ఆ తేడా చెప్పవలసినది కంటిచూపుతో మనం కాదు. చర్మవైద్యులు డెర్మోస్కోపు అనే వెలుగు భూతద్దంతో చూస్తే రంగు అల్లిక స్పష్టంగా తెలుస్తుంది; నొప్పి లేదు, కోత లేదు. సందేహముంటే ఒక మచ్చను తీసి పరీక్షకు పంపుతారు. అది శిక్ష కాదు, రక్షణ. రాయపూర్‌లోనే 2012 నుండి ఎయిమ్స్ ఉన్నది. ఇదివరకటిలా ప్రతి చిన్నదానికీ విశాఖకో నాగపూర్‌కో రైలెక్కనవసరం లేదు.

మరొక కాన్సరా? పిల్లలలో మెలనోమా మిక్కిలి అరుదు. మన రంగు చర్మంలో ఇంకా అరుదు. కాని ఈ పిల్లలను ఊరకే వదిలివేయరాదు. మచ్చలు ఎక్కువగా ఉన్నవారిని పెద్దయ్యాక కూడ ఏడాదికొకసారి చూడడం వైద్యుల పద్ధతి. ఆరునెలలకొకసారి, ఒకే వెలుతురులో, ప్రక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి తేదీ వేసి దాచండి. ఒక మచ్చ తక్కిన వాటికి భిన్నంగా, అంచు చెదరి, రంగులు కలిసి, త్వరగా పెరిగి, దురద పెట్టి, లేదా రక్తం కారితే వెంటనే చూపించండి. అరికాలు, గోరు క్రింద చూడడం మరవవద్దు. మన దేశస్థులలో ఆ కాన్సరు వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రాయపూర్ ఎండలో నిండు చేతుల చొక్కా, టోపీ ఉండాలి.

కాల్పించవలెనా? కూడదు. జీడిగింజ రసం, సున్నం పూసి పులిపిర్లను, మచ్చలను కాల్చే పద్ధతి మన పల్లెలలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్నది. జీడిరసం చర్మాన్ని పుండు చేస్తుంది. చంక మడతలో ఆ పుండు మానడం కష్టం. అందాలశాలలలో విద్యుత్తు సూదితో మాడ్చినా మచ్చ ఏమిటో పరీక్షించే అవకాశం మాడిపోతుంది. పైగా చెప్పుకున్నాం గదా, గాయపడి మానిన చర్మమే ఈ మచ్చలకు అనుకూలమైన నేల.

ఇప్పుడు ఆ అడగని ప్రశ్న. ఆమె వ్రాతలో ఒకచోట, 'కడుపుతో ఉండగా గ్రహణం నాడు నేను బయటకు వచ్చానని అత్తవారు అంటారు' అన్న వాక్యం ఉన్నది. దానికి నా సమాధానం నిర్ద్వంద్వమైనది. గ్రహణానికి, ఈ వ్యాధికి, ఈ మచ్చలకు ఎట్టి సంబంధమూ లేదు. తల్లి తిన్నదానికి, కోసినదానికి, చూసినదానికి సంబంధం లేదు. బి-రాఫ్ లోపం బిడ్డ దేహంలో ఏదో ఒక కణంలో యాదృచ్ఛికంగా జరిగినది. తల్లి అండంలోగాని తండ్రి బీజంలోగాని ఉన్నది కాదు. ఆ కారణంచేతనే తరువాతి బిడ్డకు వస్తుందన్న భయం అక్కరలేదు. ఒకే కుటుంబంలో ఇద్దరికి రావడం వేళ్లమీద లెక్కింపదగిన సంఘటన. ఇది అంటువ్యాధీ కాదు. బడికి పంపవచ్చు, తోటిపిల్లలతో ఒకే కంచంలో తిననివ్వవచ్చు. ఉర్లా మసి కారణమా అని మరికొందరు అడుగుతారు. మసి ఊపిరికి చెడు చేస్తుందన్నది నిజం, దానిపై మనం ఫిర్యాదు చేయవలసినదే. కాని పిల్లల లాంగర్‌హాన్స్ వ్యాధికి అది కారణమని చూపిన ఆధారం లేదు. పెద్దవారి ఊపిరితిత్తులలో వచ్చే రూపం మాత్రం దాదాపు పొగత్రాగే వారికే వస్తుంది. షిఫ్టు ముగిసిన తరువాత గేటు బయట బీడీ వెలిగించే మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవగలరు.

చివరగా కాగితాల సంగతి. మనది బదిలీల ఉద్యోగం. విశాఖ నుండి రాయపూర్, రాయపూర్ నుండి మరొక చోటు. సామాను లారీలో వచ్చినా పిల్లల ఆసుపత్రి కాగితాలు పాత క్వార్టరు అటకమీద ఉండిపోతాయి. ఈ జబ్బు వచ్చిన బిడ్డ విషయంలో డిశ్చార్జి పత్రం, బయాప్సీ నివేదిక, దాని సంఖ్య, వాడిన మందుల పేర్లు, ఎన్ని డోసులు, ఏ తేదీన ఆపారు అన్నవి జిరాక్సు తీయించి రెండు ఫైళ్లలో ఉంచండి. ఒకటి ఇంట్లో, ఒకటి తాతగారింట్లో. బయాప్సీ చేసిన ప్రయోగశాలలో మైనపు దిమ్మలో భద్రపరచిన ధాతుఖండం ఉంటుంది. దానిపై బి-రాఫ్ పరీక్ష సంవత్సరాల తరువాత కూడ చేయించవచ్చు. ప్రయోగశాలలు ఆ దిమ్మలను శాశ్వతంగా ఉంచవు; దరఖాస్తు పెట్టి అడిగి తెచ్చుకోవచ్చు. దానిని ఎండ తగలని చోట, చల్లగా, పేరు వ్రాసిన డబ్బాలో ఉంచండి. రాయపూర్ మే నెల వేడికి మైనం మెత్తబడకుండా చూసుకోవడం ముఖ్యం.

వచ్చే సంచికలో ఈ ప్రాంతంలో ఇంటింటి సమస్య అయిన సికిల్ సెల్ గురించి. ఆ వ్యాధి ఉన్న కుటుంబాలవారు తమ ప్రశ్నలను నెలాఖరులోగా సంపాదకులకు పంపగలరు.